సున్నా నొప్పి

తొమ్మిదో భాగం

అక్క ఆ కాగితాన్ని మూడోసారి చదివి, మడిచి, బావ దిండు కింద పెట్టింది. మళ్ళీ తీసింది. ఈసారి పైకి చదివింది, మాకెవరికీ చదువు రాదన్నట్టు.

"‘పరీక్ష జరిగిన పది రోజులూ ఎటువంటి నొప్పీ లేదని స్వయంగా రాసి ఇచ్చి ఉన్నందున, కాలి తిమ్మిరి నాకు పాత జబ్బేననీ, దానిని యాజమాన్యానికి తెలియజేయకుండా దాచిపెట్టాననీ ఒప్పుకుంటున్నాను.’ ఒప్పుకుంటున్నారంట. మీ నోట్లో మాట వాళ్ళే పెట్టి, కింద గీత గీసి, ఇక్కడ సంతకం చెయ్యి అంటున్నారు."

బావ మంచం మీద గోడకేసి చూస్తున్నాడు. ఎడమకాలు మోకాలి కింది నుంచి పాదం దాకా తెల్లటి కట్టు, కింద రెండు దిండ్లు. గోడౌనులో పడి నాలుగు రోజులైంది.

"చేసేస్తే పోలా" అన్నాడు. "గేటు దగ్గర పని ఇస్తామంటున్నారు. కుర్చీ, ఫ్యాను. బరువు మొయ్యక్కర్లేదు."

"చేస్తే చెయ్యి విరగ్గొడతాను. కాలు ఎలాగూ అయింది."

"రేపు సాయంత్రం లోపల ఇవ్వాలంట. లేకపోతే ఎంక్వైరీ."

"వెయ్యనివ్వండి ఎంక్వైరీ. అప్పుడైనా ఎవడో ఒకడు నిజం అడుగుతాడు."

నేను కిటికీ పక్కన కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. ఎవరూ తియ్యమనలేదు. చేతులు ఖాళీగా ఉంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తెచ్చుకున్న పని అది.

ఎందుకంటే, ఆ కాగితంలో చెప్పిన పరీక్ష చేసింది నేనే. పనిచేసే మనిషి ఎలా వంగుతున్నాడు, ఏ కండరం ఎంత లాగుతోంది, ఎక్కడ దెబ్బ తగిలే వీలుంది అని కొలిచి చెప్పే సంస్థలో నాకు ఉద్యోగం. బావ పనిచేసే గోడౌనులో బరువులెత్తేవాళ్ళకి నడుము కాపాడే చట్రాలు కొందామనుకున్నారు. ఎక్సోస్కెలిటన్ అని వాటి అసలు పేరు. నడుముకి బెల్టు, రెండు పక్కలా స్ప్రింగులు, తొడల ముందు చెరో మెత్త. వంగితే స్ప్రింగు బిగుస్తుంది, లేచేటప్పుడు పైకి నెడుతుంది. నడుము పడాల్సిన శ్రమలో కొంత తొడలు పంచుకుంటాయి. అవి పనికొస్తాయా, ప్రమాదమా తేల్చి చెప్పమన్నారు. పనికొస్తాయి, ప్రమాదం లేదు అని ముప్పై ఆరు పేజీల్లో రాసి సంతకం పెట్టాను. నా మొట్టమొదటి సొంత రిపోర్టు.

అక్క ఆ చట్రాన్ని ‘సవతి’ అనేది. రోజుకి ఎనిమిది గంటలు మీ నడుం పట్టుకుని వేలాడుతుంది, నాకు ఎనిమిది నిమిషాలు దొరకరు అని బావని ఏడిపించేది. నాలుగు రోజులుగా ఆ మాట ఎత్తడం లేదు.

"ఏమే" అంది అక్క, కాగితం పక్కన పడేసి, కత్తి తీసుకుని కూరలు తరుగుతూ, ఇప్పుడు నా వైపు తిరిగి. "నువ్వు మాట్లాడవేం? నువ్వే కదా వైర్లూ గట్రా అతికించి పది రోజులు కొలిచావు. ఈయన కాలు మొద్దుబారుతోందని నీ మిషన్లలో తెలియలేదా?"

"వైర్లు నడుముకి పెట్టాం. కాలికి పెట్టలేదు."

"ఎందుకు పెట్టలేదు?"

"నడుము గురించి తేల్చమన్నారు."

"నడుం మీద బరువు తీసి తొడ మీద పెడుతుందని నువ్వే చెప్పావు. మరి తొడ ఏమైందో చూడొద్దూ?"

నేను అయిదేళ్ళు చదివి, మూడేళ్ళు పనిచేసి వేసుకోని ప్రశ్నని, కూరలు తరిగే కత్తి చేతిలో పట్టుకుని మా అక్క వేసింది. దుంప మీద చెక్కు అయిపోయింది. అయినా తీస్తూనే ఉన్నాను.

"డాక్టరుగారు ఏమన్నారో తెలుసా?" అక్క ఆగలేదు. "తుంటి పక్క నుంచి తొడ మీదికి ఒక నరం వస్తుందంట. బెల్టు కింద అది నలిగిపోయిందంట. తొడ మీద గిల్లినా ఈయనకి తెలియట్లేదు. పెట్టె మోస్తూ ర్యాంపు దిగేటప్పుడు ఎడమ తొడ మీద ఆనించుకుంటారు కదా, అది వీళ్ళందరికీ అలవాటు. ఆ పెట్టె జారుతున్న సంగతే తెలియలేదు. జారాక తెలిసింది. అప్పటికి దాంతోపాటు ఈయన కూడా కింద ఉన్నారు. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది అని డాక్టరుగారు అడిగితే నెలన్నర అన్నారు. నెలన్నర కిందట ఏం జరిగిందో నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. నెలన్నర కిందటే నా పరీక్ష.

బావ గోడ వైపు నుంచి తల తిప్పలేదు. "దాన్నెందుకు అంటావ్? దానికేం తెలుసు?"

అంత మంచిమాట ఆ సమయానికి నేను మొయ్యలేను. నోరు తెరిచి చెప్పేద్దాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. అనుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

ఈలోపు అత్తయ్య, అంటే బావ వాళ్ళమ్మ, టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. ఆవిడకి చెవులు బాగానే పనిచేస్తాయి. ఏ మాట ఎక్కడ అనకూడదో మాత్రం తెలియదు. మంచిమనిషి.

"తెలియకేం" అంది, గ్లాసు నా పక్కన పెడుతూ. "నీ పరీక్ష జరిగే రోజుల్లో ఓ రాత్రి మనింటికి భోజనానికి వచ్చినప్పుడు వాడు తొడ రుద్దుకుంటుంటే నువ్వే కదమ్మా అడిగావు, ఏమైంది బావా అని. నూనె వేడిచేసి ఇవ్వమని నాకు చెప్పింది కూడా నువ్వే."

కత్తి చప్పుడు ఆగిపోయింది.

అక్క నన్ను చూసింది. నేను దుంపని చూశాను.

"అడిగావా?"

"అడిగాను."

"ఈయనేమన్నారు?"

బావ కళ్ళు మూసుకున్నాడు.

"ఏమన్నారు అని అడుగుతున్నాను."

"ఇంటి మనిషిగా అడుగుతున్నావా, ఆఫీసు మనిషిగా అడుగుతున్నావా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఇంటి మనిషిగానే అన్నాను."

అది చాలా చిన్న మాట. ఆ రోజు నవ్వుకుంటూ అన్నాను కూడా. ఆఫీసు మనిషిగా అని ఉంటే బ్యాగులోంచి కాగితం తీసి రాయాల్సి వచ్చేది: ఆరో రోజు, ఎడమ తొడ, తిమ్మిరి. అది రాస్తే పరీక్ష ఆపాలి, బెల్టు కొలతలు మళ్ళీ చూడాలి, తొడ మీద ఒత్తిడి కొలవాలి, గడువు దాటిపోతుంది. మా పెద్దసారు ‘ఈసారికి వేరేవాళ్ళకి ఇద్దాంలే’ అంటారు. ఇవన్నీ ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగాయి. ఇంటి మనిషినై కూర్చుని, నూనె వేడిచేయించాను.

ఇంకోటి కూడా ఉంది. పరీక్షలో పాల్గొనేవాళ్ళలో మీ బంధువులెవరైనా ఉన్నారా అని మా ఫారంలో ఒక గడి ఉంటుంది. అందులో ‘లేరు’ అని రాశాను. బావ లేకపోతే ఆ చట్రం కట్టుకోవడానికి గోడౌనులో ఒక్కడు కూడా ముందుకొచ్చేవాడు కాదు మరి.

అక్క అరవలేదు. అరిస్తే బాగుండేది. చిన్నప్పటి నుంచి అక్క తిట్లు నాకు అలవాటే, అవి అయిపోగానే జడ వేసేది. ఇప్పుడు కత్తి కడిగింది. తుడిచింది. సొరుగులో పెట్టింది. తడిబట్టల బకెట్టు తీసుకుని వెనక వాకిట్లోకి వెళ్ళిపోయింది.

అత్తయ్య ఒకసారి నన్నూ, ఒకసారి కొడుకునీ చూసి, "నేనేమైనా అనకూడని మాటన్నానా?" అంది.

"లేదమ్మా" అన్నాడు బావ. "టీ చల్లారిపోతుంది, నువ్వు తాగు."

*

గదిలో మేమిద్దరమే మిగిలాం.

"మీ అక్క సంగతి నాకు తెలుసు" అన్నాడు బావ. "రెండు రోజులు మాట్లాడదు. మూడో రోజు ఉప్పు ఎక్కువేసి పెడుతుంది. నాలుగో రోజుకి సర్దుకుంటుంది."

"బావా, నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టకు."

"పెడితే ఎవరికి నష్టం చెప్పు. నాకు గేటు దగ్గర పని. నీ రిపోర్టు నీకు ఉంటుంది. వాళ్ళ చట్రాలు వాళ్ళకుంటాయి."

"సోమవారం నుంచి అందరికీ అవే కడుతున్నారు. నూట నలభై మందికి. నా రిపోర్టు చూపించి."

బావ దిండు సర్దుకుని, "నడుముకైతే హాయిగానే ఉండేది తెలుసా" అన్నాడు. "అది అబద్ధం కాదు. పదేళ్ళలో మొదటిసారి ఇంటికొచ్చి నిటారుగా కూర్చున్నాను."

నాకు తెలుసు. వైర్లు అబద్ధం చెప్పవు. పన్నెండు మందికీ నడుము కండరాల శ్రమ నాలుగో వంతు తగ్గింది. అదే నన్ను ముంచింది. సగం నిజం చేతిలో ఉంటే మిగతా సగం చూడబుద్ధి కాదు.

వీధి తలుపు చప్పుడైంది. బావతో కలిసి బరువులెత్తే కొలబద్ద వచ్చాడు. అంత పొడుగూ అంత సన్నమూ కాబట్టి గోడౌనులో ఆ పేరు పెట్టారు, ఇప్పుడు వాళ్ళావిడ కూడా అలాగే పిలుస్తుందంటారు. చేతిలో బిస్కెట్ ప్యాకెట్టు ఉంది. వచ్చి కుర్చీలో కూర్చున్న తీరు చూశాను. కుడికాలు ముందుకి చాపి, ఆ పక్క తుంటిని గాల్లో ఉంచి, కుర్చీ అంచు మీద ఒరిగి కూర్చున్నాడు.

ఇప్పుడు నేను ఏ మనిషిగా చూస్తున్నానో నాకే తెలియలేదు.

"మీకు కూడా ఉందా?" అన్నాను.

"ఏంటమ్మా?"

"తొడ మీద మంట. తిమ్మిరి."

అతను బావ వైపు చూశాడు. "చెప్పమంటావా అన్నా?"

"ఏంటి చెప్పేది? నోరు మూసుకుని బిస్కెట్లు తిను" అన్నాడు బావ. ఆ గొంతులో కోపం కన్నా భయం ఎక్కువుంది.

"చెప్పండి" అన్నాను.

కొలబద్ద ప్యాకెట్టు మీది రంగుకాగితాన్ని గోటితో గీకుతూ చెప్పాడు. "మొదటి రోజే మీ బావ మా అందర్నీ పక్కకి పిలిచాడమ్మా. మా మరదలికి ఇది మొదటి రిపోర్టు, పిల్ల కష్టపడి పైకొచ్చింది, ఎవడూ ఏడుపు మొహాలు పెట్టకండి, సాయంత్రం ఆ కాగితం ఇస్తే అన్నీ సున్నాలే చుట్టండి అన్నాడు. మీ బావ మాట మేం ఎప్పుడైనా కాదన్నామా? చుట్టాం."

"అందరూనా?"

"పన్నెండు మందిమీ."

"అసలు నొప్పి ఎంతమందికి?"

వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. ఏడు దాకా వచ్చి, ఆలోచించి, ఇంకో వేలు మడిచాడు.

ఆ కాగితం నేను తయారుచేసిందే. మనిషి బొమ్మ గీసి, మెడ, భుజం, నడుము, తుంటి, తొడ, మోకాలు, ఒక్కోచోటికీ సున్నా నుంచి పది దాకా ఎంత నొప్పో పని అయ్యాక గుర్తు పెట్టమంటాం. చట్రం కట్టుకున్న అయిదు రోజులూ, కట్టుకోని అయిదు రోజులూ. పాపం వాళ్ళు కట్టుకోని రోజుల్లో కూడా సున్నాలే చుట్టారు. పన్నెండు మంది, పది రోజులు, తల నుంచి పాదం దాకా సున్నా. ఎనిమిది గంటలు పెట్టెలెత్తిన మనిషికి ఒంట్లో ఎక్కడా నొప్పి లేదంటే అతను శవమన్నా కావాలి, అబద్ధమన్నా చెబుతుండాలి. మొదటి ఏడాది చదివే పిల్లలు కూడా పట్టుకుంటారు దాన్ని. నేను పట్టుకోలేదు. కాదు, ఇక్కడ కూడా అబద్ధమెందుకు? పట్టుకున్నాను. ఆ కట్ట చేతిలోకి రాగానే ఏదో తేడాగా ఉందని ఒళ్ళు చెప్పింది. ‘పాల్గొన్నవారిలో ఎవరూ ఏ విధమైన అసౌకర్యమూ తెలుపలేదు’ అని రాసి పేజీ తిప్పేశాను. ఆ వాక్యం కింద పెద్దసారు పచ్చ ఇంకుతో గీత గీసి ‘అద్భుతం’ అని రాశారు.

"నీకెవరు చెప్పమన్నారు బావా ఇలా చెయ్యమని?" గొంతు నా చెయ్యి దాటిపోయింది. "నేనడిగానా?"

"అడగలేదు."

"మరి?"

"మనపిల్ల కదా అనుకున్నాను" అన్నాడు. అంతే. ఇంకేం సంజాయిషీ లేదు.

నాకు ఏడుపొచ్చింది. సిగ్గేసింది. ఆ మంచితనం మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

"మీరు ఒక్కమాట రాసిస్తారా?" అని కొలబద్దని అడిగాను. "నొప్పి ఉందని."

అతను లేచి నిలబడ్డాడు, ఒక చెయ్యి గోడకి ఆనించి. "నన్ను అడగొద్దమ్మా. తప్పుడు కాగితం ఇచ్చాడని ఉద్యోగంలోంచి తీసేస్తారు. మా ఇంట్లో సంపాదించేది నేనొక్కణ్ణే. నువ్వు అడిగితే కాదనలేను, అందుకే అడగొద్దంటున్నాను."

నేను అడగలేదు. బ్యాగు భుజాన వేసుకుని బయటికి వచ్చాను. వెనక వాకిట్లో అక్క దుప్పటి ఆరేస్తోంది. దుప్పటికి అవతల తను, ఇవతల నేను. నా చెప్పుల చప్పుడు వినపడే ఉంటుంది. పిలవలేదు.

*

గోడౌను సేఫ్టీ ఆఫీసరు గదికి ఒక పక్కంతా అద్దం. కింద ఏం జరుగుతోందో అక్కడి నుంచి కనబడుతుంది. కొత్త చట్రాలు దిగాయి. అట్టపెట్టెలు విప్పుతున్నారు. ఒకతను టేపు పెట్టి మనుషుల నడుములు కొలుస్తున్నాడు, ఇంకొకతను చట్రాలకి అంకెలు అంటిస్తున్నాడు. వరసలో నిలబడ్డవాళ్ళు జోకులేసుకుంటున్నారు. కొత్త బట్టలు కొలిపించుకుంటున్నట్టుంది.

ఆఫీసరు పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడే మనిషి. నేను చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నారు.

"రిపోర్టు వెనక్కి తీసుకుంటానంటారు."

"అవునండీ."

"దేన్ని చూపించి ఆపమంటారు? మీ మిషన్లు బాగుందన్నాయి. మనుషులు నొప్పి లేదన్నారు. పన్నెండు మంది సంతకాలున్నాయి."

"తప్పు నాది. తొడ మీద ఒత్తిడి కొలవలేదు. ర్యాంపు మీద పరీక్షించలేదు. అది రాసిస్తాను."

"రాసివ్వండి. పైవాళ్ళు ఏమంటారంటే, ఆవిడ చూడనిది ఆవిడ చూడలేదు, దానివల్ల ఎవరికి ఏమైంది అంటారు. ఎవరికీ ఏమీ కాలేదనే కదా కాగితాలు చెబుతున్నాయి." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఒక్క మనిషికి నొప్పి వచ్చిందని, మీకు అప్పుడే తెలుసని కాగితం మీద ఉంటే, ఇవాళే ఆపేస్తాను. ఆ అధికారం నాకుంది. కానీ ఆ మనిషి సున్నా పెట్టి ఉంటే, అతను తప్పుడు కాగితం ఇచ్చినట్టు. అలాంటివాళ్ళని ఇక్కడ ఉంచుకోరు. ఆ రూలు నేను పెట్టింది కాదు. మార్చే అధికారం నాకు లేదు."

కింద ఎవరో పకపకా నవ్వారు. చట్రం కట్టుకుని ఒకతను గుంజీలు తీస్తున్నాడు, చుట్టూ చప్పట్లు.

"పడినాయన మీకేమన్నా తెలుసా?" అని అడిగారు ఆఫీసరు.

ఆ క్షణంలో పదకొండు మంది పేర్లు నా నాలుక మీద ఉన్నాయి. కొలబద్ద ఇంటి సంగతి విన్నాను కాబట్టి అతని పేరు రాయలేను. మిగతావాళ్ళ ఇళ్ళ సంగతి వినకపోయినా రాయలేను. నేను పరాయివాళ్ళకి అన్యాయం చెయ్యలేను. మరి మనవాళ్ళకి? మనవాళ్ళయితే క్షమిస్తారు. ఆ ధైర్యంతోనే కదా నేను ఇన్నాళ్ళూ బతుకుతున్నది.

"మా అక్క భర్త" అన్నాను.

ఆయన తెల్లకాగితం నా వైపు తోశారు.

రాశాను. పడినాయన నాకు బంధువని దాచాను. పరీక్ష ఆరో రోజున ఆయన ఎడమ తొడ తిమ్మిరెక్కిందని నా కళ్ళతో చూశాను. తెలిసి కూడా రాయలేదు. మిగిలిన నొప్పి కాగితాలు కూడా నమ్మదగినవి కావు, బరువులెత్తేవాళ్ళ ఒంట్లో అన్ని సున్నాలు ఉండవు కాబట్టి. ఈ చట్రాలు ఎవరికీ కట్టకండి. కింద సంతకం పెట్టాను. రిపోర్టు మీద పెట్టినంత చక్కగానే వచ్చింది. అందుకు కూడా సిగ్గేసింది.

బావని ఒక్కమాట అడిగి రాయాల్సింది. అడిగితే వద్దనేవాడు కాదు, ‘సరేలే’ అనేవాడు. ఆ ‘సరేలే’ వినలేకే అడగకుండా వచ్చాను.

*

ఇల్లు చేరేసరికి సాయంత్రం ఎండ ఇంకా గోడ మీద ఉంది. అక్క నాకు ఎదురొచ్చింది. పొద్దుటి నుంచి మాట్లాడని మనిషి నా భుజం మీది బ్యాగు అందుకుంది.

"మొహం కడుక్కో. ఏమైనా తిన్నావా?"

"అక్కా, నీతో..."

"నువ్వేం చెప్పక్కర్లేదు. నేనే తొందరపడ్డాను." నా మొహం మీద పడ్డ జుట్టు చెవి వెనక్కి దోపింది. "మధ్యాహ్నమంతా ఆలోచించాను. ఎంక్వైరీ అంటూ వస్తే నువ్వు బయటపడతావు. బంధువని దాచావు, చూసి రాయలేదు. నీ ఉద్యోగం పోతుంది, ఇంకెవరూ ఇవ్వరు. నాన్న పోయాక నిన్ను చదివించడానికి ఈయన డబుల్ డ్యూటీలు చేశారు. అదంతా గంగలో పొయ్యడానికా?"

నాకు అర్థం కావడం మొదలైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండునని నిలబడ్డాను.

"ఆయన చేత సంతకం పెట్టించాను. పాత జబ్బేనని. సాక్షి సంతకం నేనే చేశాను. కొలబద్ద ఇప్పుడే తీసుకెళ్ళి ఆఫీసరు చేతికి ఇచ్చొచ్చాడు. ఇంక నీకేం కాదు. ఈయనకి గేటు దగ్గర పని. అయిపోయింది." అక్క నవ్వడానికి ప్రయత్నించింది. "అలా చూస్తావేం? నీ మీద కోపం లేదంటున్నాను కదే."

మంచం మీంచి బావ, "ఇంతసేపు ఎక్కడికెళ్ళావు?" అన్నాడు.

నేను గడప మీదే ఉన్నాను. పొద్దున్న ఒక్కమాట ముందు చెప్పి ఉంటే, వెళ్ళేముందు ఒక్కసారి అడిగి ఉంటే. మా ఇంట్లో అందరం ఒకళ్ళకోసం ఒకళ్ళం అబద్ధాలు రాసుకుంటూ పోతున్నాం, ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోకుండా. ఆ వరసలో మొదట నిలబడ్డది నేను.

బావ దిండు పక్కన ఫోను మోగింది. చూసి, "ఆఫీసరుగారు" అన్నాడు. పడుకుని చెవి దగ్గర పట్టుకోవడం కష్టమని స్పీకరు నొక్కాడు.

"కాగితం అందింది" అంది ఆ నెమ్మదైన గొంతు. "ఇంకో కాగితం కూడా ఉంది నా దగ్గర. మధ్యాహ్నం మీ మరదలుగారు ఇచ్చి వెళ్ళారు. ఆ చట్రం వల్లే మీ కాలు తిమ్మిరెక్కిందని, ఆవిడ చూశారని. మీరేమో పాత జబ్బంటున్నారు. రెండూ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. ఏది నిజం?"

అక్క చేతిలోని నా బ్యాగు జారి కింద పడింది.

బావ నా వైపు చూశాడు. కోపంగా కాదు. లెక్క చూసుకుంటున్న మనిషిలా చూశాడు, ఈ ఇంట్లో ఇప్పుడు ఎవరిని కాపాడొచ్చా అని. నేను వద్దని తల ఊపాను. బావ చూడనట్టే ఫోను వైపు తిరిగాడు.

"నాదే నిజం సార్. మరదలు కదా, నేను పడేసరికి బెంబేలెత్తిపోయింది. ఆ బాధలో ఏదో రాసి ఉంటుంది. చిన్నపిల్ల. అది పక్కన పెట్టెయ్యండి."

అవతల ఎక్కడో పెట్టెలు విప్పుతున్న చప్పుడు వస్తూనే ఉంది.

"పక్కన పెడితే సోమవారం అందరికీ కట్టేస్తాను. పెట్టకపోతే మీ పని పోతుంది. నా చేతిలో ఉన్నది ఇంతే" అన్నారు ఆఫీసరు. "ఆవిడ అక్కడ ఉన్నారా? పక్కన పెట్టాలో వద్దో ఆవిణ్ణి చెప్పమనండి."

అక్క నా మణికట్టు పట్టుకుంది. బతిమాలుతోందో, ఆపుతోందో తనకే తెలిసినట్టు లేదు. గాజు నొక్కుకుని నొప్పెట్టింది. అత్తయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బావ ఫోను మీద అరచెయ్యి కప్పి, "వద్దమ్మా" అన్నాడు, వినీ వినపడకుండా.

నేను వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, బావ చెయ్యి మెల్లగా పక్కకి తీశాను.

"ఉన్నాను సార్" అన్నాను.